పేపర్ పంపే ముందు రిఫరెన్సులు ఎలా సరిచేసుకోవాలి: మన ఇంటిపేర్లు, మన ఊరి పేర్ల దగ్గర కాస్త ఎక్కువ జాగ్రత్త

మొన్న సాయంత్రం లేబ్‌లో జూనియర్ అమ్మాయి ఒకతి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది, "అక్కా, జర్నల్ వాళ్ళు పేపర్ వెనక్కి పంపీసారు, రివ్యూకి కూడా వెళ్ళలేదంట, రిఫరెన్సులు మా ఫార్మాట్‌లో లేవు అంటున్నారు, ఇప్పుడేటి చెయ్యాలి" అని. ఆ అమ్మాయిది చిలికా సరస్సు నీళ్ళ మీద పని, పడవ మీద తిరిగి శాంపిళ్ళు తెచ్చుకుంది, డేటా చాలా బాగుంది, అలాంటి పని రిఫరెన్సుల దగ్గర ఆగిపోతే నిజంగా బాధేస్తుంది. ఇద్దరం కూర్చుని రాత్రి తొమ్మిది దాకా సరిచేశాం. అదంతా తెలుగులో ఒకచోట రాసి పెడితే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ వైపు మొదటి పేపర్ రాసుకుంటున్న మనవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ముందు ఒక విషయం. రిఫరెన్స్ అంటే అడ్రస్. చదివేవాళ్ళు ఆ అడ్రస్ పట్టుకుని వెళ్తే నేరుగా ఆ పేపర్ ముందు నిలబడాలి, అంతే. కామా ఎక్కడ పెట్టాలి, సంవత్సరం బ్రాకెట్‌లో వెయ్యాలా వద్దా అనేవి ఆ అడ్రస్ రాసే పద్ధతులు, అవి జర్నల్‌కో రకం, వాటిని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. పేరు, సంవత్సరం, వాల్యూమ్, పేజీ తప్పుంటే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు, అది మన కళ్ళతో మనమే చూసుకోవాలి. నేను చెప్పేదంతా ఎక్కువగా ఈ రెండో దాని గురించే.

ఆ అమ్మాయి లిస్టులో తొమ్మిదో నంబర్ చూడండి. ఫాస్ఫేట్ కొలిచిన పద్ధతికి ఫిస్కే, సుబ్బారావు, 1952 అని ఉంది. చూడగానే రెండు తప్పులు కనిపించాయి. అది 1925, అంకెలు తారుమారయ్యాయి. ఇంకోటి ఆయన పేరు పేపర్ మీద ఎలా అచ్చయిందో అలాగే, ఒకటే పదంగా, చివర డబ్ల్యూతో రాయాలి, మనం పలికినట్టు రావు అని విడదీసి రాయకూడదు. ఆయన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే, భీమవరంలో పుట్టినాయన, ప్రపంచంలో బయోకెమిస్ట్రీ లేబ్ ఉన్న ప్రతిచోటా తెలిసిన పేరు, అలాంటి పేరు మనమే తప్పు రాస్తే ఎలా చెప్పండి. సరే అది దిద్దుతూ మాటవరసకి అడిగాను, "నువ్వు రంగు తెప్పించడానికి ఏ రీఏజెంట్ వాడావమ్మా" అని. "ఆస్కార్బిక్ యాసిడ్ అక్కా" అంది. అసలు తప్పు అక్కడ బయటపడింది. ఫిస్కే–సుబ్బారో పద్ధతిలో వాడేది అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ యాసిడ్. ఆస్కార్బిక్ యాసిడ్‌తో నీళ్ళలో ఫాస్ఫేట్ కొలిచేది మర్ఫీ, రైలీ 1962లో రాసిన పద్ధతి, అది అనలిటికా కిమికా ఆక్టాలో 27వ వాల్యూమ్, 31 నుంచి 36 పేజీలు. రెండింటిలోనూ నీలం రంగే వస్తుంది కాబట్టి తేడా తెలియలేదు, ఎవరిదో పాత థీసిస్‌లోంచి ఆ లైను ఎత్తి పెట్టేసింది. ఫార్మాట్ ఎంత అందంగా ఉన్నా ఇది తప్పు రిఫరెన్సే, ఎందుకంటే చదివినాయన ఆ పేపర్ తీసి చేస్తే ఈ అమ్మాయి చేసిన ప్రయోగం కాదు, వేరే ప్రయోగం చేస్తాడు.

అందుకని అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది, లిస్టులో ఉన్న ప్రతి పేపర్‌ని మీరు తెరవాలి. పూర్తిగా చదవలేకపోయినా కనీసం మొదటి పేజీ, మీకు కావలసిన సెక్షన్ కళ్ళతో చూడాలి. పక్కవాళ్ళ లిస్టులోంచి కాపీ కొట్టడం వల్ల ఏం జరుగుతుందో సిమ్‌కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు 2003లో లెక్కకట్టారు. బాగా పేరున్న ఒక పేపర్‌కి వచ్చిన సైటేషన్లు (అంటే వేరే పేపర్లు దాన్ని రిఫరెన్స్‌గా చూపినవి) తీసుకుని అందులో అచ్చు తప్పులు చూస్తే, ఒకే తప్పు పేజీ నంబరు 78 సార్లు కనబడింది. ఇంతమంది విడివిడిగా అదే తప్పు టైప్ చెయ్యరు కదా, ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎత్తుకున్నారన్నమాట. ఆ లెక్కల మీద వాళ్ళు వేసిన అంచనా ఏంటంటే సైట్ చేసేవాళ్ళలో అసలు పేపర్ చదివేది దాదాపు 20 శాతం మందే. ఇంక ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌ని అడిగి రిఫరెన్సులు తెచ్చుకుంటున్నారు, అవి ఎక్కడా లేని పేపర్‌కి కూడా నిజంలాగే ఆథర్ పేర్లు, వాల్యూమ్, పేజీలు పెట్టి ఇచ్చేస్తాయి, నమ్మొద్దు. డీఓఐ అంటే ఒక్కో పేపర్‌కి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, దాన్ని డీఓఐ డాట్ ఓఆర్జీ సైట్‌లో పెట్టి చూడండి, తెరుచుకున్న పేజీలో టైటిల్, మీ దగ్గరున్న టైటిల్ ఒకటే అయితేనే ఉంచండి.

ఇప్పుడు స్టైల్ సంగతి. జర్నల్ సైట్‌లో ఆథర్లకి సూచనలు అని ఒక పేజీ ఉంటుంది, అది చదవకుండా ఏదీ మొదలుపెట్టకండి, దాంతో పాటు అదే జర్నల్‌లో ఈ ఏడాది వచ్చిన పేపర్ ఒకటి డౌన్‌లోడ్ చేసి చివర లిస్టు ఎలా ఉందో పక్కన పెట్టుకోండి, ఎందుకంటే సూచనల పేజీ ఒక్కోసారి పాతదై ఉంటుంది, అచ్చయిన పేపర్ అబద్ధం చెప్పదు. ఎల్సెవియర్ జర్నళ్ళు చాలావాటిలో మొదటిసారి పంపేటప్పుడు ఏ స్టైల్ అయినా పర్లేదు, అంతా ఒకేలా ఉంటే చాలు అంటారు, అలాంటిచోట ఊరికే రాత్రంతా కూర్చోనక్కర్లేదు.

స్టైళ్ళు వేలకొద్దీ ఉన్నాయి గానీ మనకి తగిలేవి ముఖ్యంగా రెండు కుటుంబాలు. ఒకటి నంబర్లు వేసేది, మెడికల్ జర్నళ్ళలో వాంకోవర్ స్టైల్ అంటారు, 1978లో కొందరు మెడికల్ ఎడిటర్లు కెనడాలోని వాంకోవర్‌లో కూర్చుని మొదలుపెట్టిన పద్ధతి కాబట్టి ఆ పేరు. ఇంకోటి పేరు, సంవత్సరం రాసేది, ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ళ స్టైల్) లాంటివి, ఏపీఏలో ఇప్పుడు నడుస్తున్నది 2019లో వచ్చిన ఏడో ఎడిషన్. మాన్యుస్క్రిప్ట్‌లో ఇంగ్లీష్‌లోనే ఉంటుంది గానీ వరస అర్థం కావడానికి ఇక్కడ తెలుగు అక్షరాల్లో చూపిస్తా. వాంకోవర్‌లో అయితే:

ఫిస్కే సీహెచ్, సుబ్బారో వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66(2):375-400.

అదే ఏపీఏలో:

ఫిస్కే, సీ. హెచ్., & సుబ్బారో, వై. (1925). ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, 66(2), 375–400.

మొదటిదాంట్లో ఇనీషియల్స్ మధ్య చుక్కల్లేవు, జర్నల్ పేరు పొట్టి రూపంలో ఉంది, సంవత్సరం పేర్ల తర్వాత కాకుండా జర్నల్ తర్వాత వచ్చింది. రెండోదాంట్లో చుక్కలున్నాయి, సంవత్సరం ముందుకొచ్చి బ్రాకెట్‌లో కూర్చుంది, జర్నల్ పేరు పూర్తిగా ఉంది, జర్నల్ పేరూ వాల్యూమ్ నంబరూ ఇటాలిక్స్‌లో ఉండాలి. సమాచారం మాత్రం రెండింటిలోనూ అదే. జర్నల్ పేరు పొట్టిగా రాయాల్సొస్తే మీ ఇష్టమొచ్చినట్టు కత్తిరించకండి, ఎన్ఎల్ఎం (అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్) కేటలాగ్‌లో వెతికితే సరైన రూపం దొరుకుతుంది, నేచర్, సైన్స్ లాంటి ఒకే పదం పేర్లని కత్తిరించరు. ఆథర్లు ఎక్కువైతే ఎంతమంది దాకా రాయాలో కూడా స్టైల్‌ని బట్టే, వాంకోవర్ వాడే జర్నళ్ళు చాలావరకు ఆరుగురి పేర్లు రాసి ఎట్ ఆల్ (అంటే మిగతావాళ్ళు) పెట్టమంటాయి, ఏపీఏలో 20 మంది దాకా అందరినీ రాయాలి, నేచర్‌లో ఐదుగురు దాటితే మొదటి పేరొకటి రాసి ఎట్ ఆల్ అంటే చాలు.

ఇక పేర్లు. ఇక్కడ మనవాళ్ళకే ఎక్కువ దెబ్బ తగులుతుంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. ఈ స్టైళ్ళన్నీ కుటుంబం పేరు చివర ఉంటుంది అనుకుని తయారైనవి. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. సుబ్బారావు గారి ఇంటిపేరు యల్లాప్రగడ, రిఫరెన్స్‌లో అది ఒట్టి వై అయి వెనక్కి వెళ్ళింది, ఆయన సొంత పేరు కుటుంబం పేరు స్థానంలోకి వచ్చింది. స్టాటిస్టిక్స్‌లో సి.ఆర్. రావు గారిదీ అంతే, కల్యంపూడి ఇంటిపేరు, రాధాకృష్ణ రావు పేరు, లిస్టులో మాత్రం రావు సీఆర్. అవి అలాగే స్థిరపడ్డాయి, మనం ఇప్పుడు యల్లాప్రగడ ఎస్ అని దిద్దకూడదు, దిద్దితే ఎవరికీ దొరకదు. పేపర్ మీద, డేటాబేస్‌లో ఎలా ఉందో అలాగే రాయడమే పద్ధతి.

కానీ మీ సొంత పేరు మీ చేతిలోనే ఉంది. సబ్మిషన్ ఫారంలో గివెన్ నేమ్, ఫ్యామిలీ నేమ్ అని రెండు గళ్ళుంటాయి, రెండో గడిలో మీరు ఏం రాస్తే జీవితాంతం లోకం మిమ్మల్ని ఆ పేరుతోనే సైట్ చేస్తుంది. మా ఇంట్లోనే చూడండి, నేను ఒడిశా బోర్డులో చదివాను కాబట్టి ఇక్కడివాళ్ళలాగా సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర రాశారు, మా నాన్న శ్రీకాకుళంలో చదివారు, ఆయనకి ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది. మొదటి పేపర్‌లో మా కోఆథర్ ఒకరు నా పేరు నాన్నగారి పద్ధతిలో నింపారు, రెండోది నేను సర్టిఫికెట్ ప్రకారం నింపాను, ఇప్పుడు గూగుల్ స్కాలర్‌లో నేను ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాను, కలపడానికి చాలా తిరగాల్సొచ్చింది. మొదటి పేపర్‌కి ముందే ఒక రూపం తేల్చుకోండి, ఆర్కిడ్ ఐడీ తీసుకోండి, అది పరిశోధకులకి ఇచ్చే గుర్తింపు నంబరు, ఫ్రీనే, 16 అంకెలు, పేరు ఎలా మారినా ఆ నంబరు మారదు. ఒడియా పేర్లు రాసేటప్పుడు కూడా ఇంతే జాగ్రత్త కావాలి, దాస్ వేరు, దాశ్ వేరు, మహాపాత్రలో మొదటి అక్షరం తర్వాత ఏ ఉందో ఓ ఉందో పేపర్ చూసి రాయండి, చెవికి ఒకటే అనిపిస్తుంది, వెతికే మెషీన్‌కి మాత్రం ఇద్దరు మనుషులు.

ఊరి పేర్ల సంగతీ ఇలాంటిదే. మన రాష్ట్రం పేరు ఇంగ్లీష్‌లో ఒరిస్సా నుంచి ఒడిశా అయ్యింది 2011లో. అంతకుముందు వచ్చిన పేపర్ల టైటిల్‌లో ఒరిస్సా అనే ఉంటుంది, దాన్ని మార్చొద్దు. మీ సొంత వాక్యంలో ఒడిశా రాయండి, టైటిల్‌లో అచ్చయిందే ఉంచండి. చిలికా స్పెల్లింగ్ కూడా పాత పేపర్లలో మధ్యలో ఐ లేకుండా ఉంటుంది, వర్డ్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి అన్నీ ఒకేసారి మార్చేస్తారు కొంతమంది, దాంతో లిస్టులో టైటిళ్ళు కూడా మారిపోతాయి, ఆ అమ్మాయి ఫైల్‌లో నాలుగుచోట్ల ఇదే అయింది. గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి మన వైపు పాత పుస్తకాలు, రిపోర్టులు చాలావరకు మద్రాసులో అచ్చయినవే. పర్లాకిమిడిలో ఉండి పనిచేసిన గిడుగు రామమూర్తి గారి సవర భాష మాన్యువల్ కూడా 1931లో మద్రాసులో అచ్చయింది, దాన్ని రాస్తే రామమూర్తి జీవీ అని పేరు, ఊరు మద్రాస్, చెన్నై కాదు. అలాగే సి.ఆర్. రావు గారి 1945 పేపర్ వచ్చింది కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో, 37వ వాల్యూమ్, 81 నుంచి 91 పేజీలు, అందులో కలకత్తాని కోల్‌కతా చెయ్యకూడదు. తెలుగు, ఒడియా పుస్తకాలు సైట్ చెయ్యాల్సొస్తే ఏపీఏలో టైటిల్‌ని ఇంగ్లీష్ లిపిలో రాసి పక్కన చదరపు బ్రాకెట్‌లో దాని అర్థం ఇంగ్లీష్‌లో పెట్టాలి.

చేత్తో నంబర్లు వెయ్యడం గురించి నా అనుభవం చెప్పాలి. మొదటి పేపర్ నేను మొత్తం చేత్తోనే టైప్ చేశాను, 47 రిఫరెన్సులు. రివ్యూయర్ ఒక పేరా పెంచమన్నారు, ఇంట్రడక్షన్‌లో రెండు కొత్తవి చేరాయి, అక్కడినుంచి అన్నీ రెండేసి జరగాలి. కూర్చుని ఒక్కొక్కటీ జరుపుకుంటూ వచ్చాను, టేబుల్ కింద చిన్న అక్షరాల్లో ఉన్న 14 ని మాత్రం 16 చెయ్యడం మర్చిపోయాను. అచ్చయ్యాక చూస్తే భారలోహాల లిమిట్ అని చెప్పినచోట తాబేళ్ళ పేపర్ నంబరుంది. సరిదిద్దే నోట్ వేయించడానికి ఎడిటర్‌కి రాయాల్సొచ్చింది, ఇప్పటికీ ఆ పేపర్ తెరిస్తే నా కళ్ళు ముందు ఆ టేబుల్ దగ్గరికే వెళ్తాయి.

అందుకే జోటెరో పెట్టుకోండి, రిఫరెన్సులు దాచి లిస్టు తనే తయారుచేసే సాఫ్ట్‌వేర్ అది. 2006లో జార్జ్ మేసన్ యూనివర్సిటీ వాళ్ళు మొదలుపెట్టారు, ఫ్రీ. మెండెలే, ఎండ్‌నోట్ కూడా ఉన్నాయి, మీ గైడ్ గారి దగ్గర ఏది ఉంటే అది వాడినా ఇబ్బంది లేదు, నేను జోటెరోనే చెబుతాను ఎందుకంటే డబ్బులు కట్టక్కర్లేదు, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. పీడీఎఫ్‌లు ఆన్‌లైన్‌లో దాచుకోవడానికి 300 ఎంబీ ఫ్రీగా ఇస్తారు, రిఫరెన్స్ వివరాలకి మాత్రం లిమిట్ లేదు. పైన మంత్రదండం బొమ్మ ఉంటుంది, అది నొక్కి డీఓఐ గానీ పబ్‌మెడ్ నంబరు గానీ పుస్తకం ఐఎస్‌బీఎన్ గానీ పేస్ట్ చేస్తే వివరాలు అవే వస్తాయి. వర్డ్‌లో జోటెరో ట్యాబ్ వస్తుంది, వాక్యం చివర కర్సర్ పెట్టి యాడ్ సైటేషన్ నొక్కి పేరు వెతికి ఎంటర్ కొట్టడమే, చివర యాడ్ బిబ్లియోగ్రఫీ నొక్కితే లిస్టు వచ్చేస్తుంది. జర్నల్ మారితే డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి స్టైల్ మారిస్తే మొత్తం మారిపోద్ది, నంబర్లతో సహా.

కానీ వచ్చిన వివరాలని గుడ్డిగా నమ్మకూడదు. దింపుకున్న ప్రతిదాన్నీ పీడీఎఫ్ మొదటి పేజీ పక్కన పెట్టుకుని ఒక్క నిమిషం చూడండి. నాకు ఎక్కువగా తగిలేవి ఇవి: టైటిల్ మొత్తం పెద్ద అక్షరాల్లో రావడం (టైటిల్ మీద రైట్ క్లిక్ చేస్తే సెంటెన్స్ కేస్ అని ఉంటుంది, అది కొట్టాక ఊరి పేర్లకి పెద్దక్షరం మళ్ళీ ఇవ్వాలి), జీవుల శాస్త్రీయ నామాలు ఇటాలిక్స్‌లో లేకపోవడం (టైటిల్‌లోనే ఆ పేరుకి ముందూ వెనకా ఇటాలిక్ ట్యాగ్ పెడితే జోటెరో చూసుకుంటుంది), ఒకే పేపర్ రెండుసార్లు ఉండి లిస్టులో 8 గానూ 23 గానూ రావడం (డూప్లికేట్ ఐటమ్స్‌లోకి వెళ్ళి మెర్జ్ చెయ్యండి). ఇంకోటి సంస్థల పేర్లు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 మనందరం సైట్ చేస్తాం కదా, దాని ఆథర్ బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్. ఆ పేరు రెండు గళ్ళుగా ఉన్నచోట రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని మనిషి పేరనుకుని స్టాండర్డ్స్ బీఐ అని కత్తిరిస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్గనైజేషన్ డబ్ల్యూహెచ్ అయిపోతుంది. పేరు పక్కనున్న చిన్న బొమ్మ నొక్కి ఒకే గడి చేసి అందులో పూర్తి పేరు రాయండి. నీళ్ళ పరీక్షల పద్ధతులుండే స్టాండర్డ్ మెథడ్స్ పుస్తకం వాడితే మీ లేబ్ అల్మారాలో ఉన్నది ఏ ఎడిషనో అట్ట తిప్పి చూడండి, 23వ ఎడిషన్ అయితే 2017, అందరూ రాస్తున్నారని 2005 రాయకండి.

పబ్లిష్ అయ్యాక వెనక్కి తీసుకున్న పేపర్లు లిస్టులో లేకుండా చూసుకోండి. ఎంఎంఆర్ టీకాకీ ఆటిజంకీ ముడిపెట్టిన 1998 లాన్సెట్ పేపర్‌ని 2010లో వెనక్కి తీసుకున్నారు, అయినా ఇంకా ఎవరో ఒకరు సైట్ చేస్తూనే ఉంటారు. జోటెరోలో అలాంటివాటికి ఎర్ర రంగులో హెచ్చరిక వస్తుంది, చూసీచూడనట్టు వదిలెయ్యకండి. ప్రీప్రింట్ (జర్నల్ రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్) సైట్ చేస్తే అది ఈలోగా జర్నల్‌లో వచ్చిందేమో వెతికి, వచ్చి ఉంటే అది తెరిచి చదివి దాన్నే పెట్టండి.

పంపే ముందు రోజు ప్రింట్ తీసుకోండి, స్క్రీన్ మీద కాదు, కాగితం మీద. పెన్సిల్‌తో టెక్స్ట్‌లో కనబడిన ప్రతి నంబరుకీ లిస్టులో టిక్ పెట్టుకుంటూ రండి, టిక్ పడని రిఫరెన్స్ ఉంటే తియ్యాలి, లిస్టులో లేని నంబరుంటే చేర్చాలి. టేబుళ్ళు, బొమ్మల కింద రాసినవీ ఇందులో లెక్కే, నంబర్ల స్టైల్‌లో టేబుల్‌లో మాత్రమే వచ్చే రిఫరెన్స్‌కి టెక్స్ట్‌లో ఆ టేబుల్ పేరు మొదటిసారి ఎక్కడ వస్తే అక్కడి వరసలో నంబరు పడుతుంది, నాకు దెబ్బ తగిలింది అక్కడే కాబట్టి మళ్ళీ చెబుతున్నా. అన్నీ సరిపోయాక ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసి, ఆ కాపీలో మాత్రమే అన్‌లింక్ సైటేషన్స్ నొక్కి (జోటెరోతో లింకు తెగి మామూలు అక్షరాలైపోతాయి) అది పంపండి, అసలు ఫైల్‌ని అన్‌లింక్ చేస్తే రివిజన్ వచ్చినప్పుడు మళ్ళీ చేత్తో చెయ్యాల్సొస్తుంది.

ఆ అమ్మాయిది గురువారం మళ్ళీ పంపాం, తొమ్మిదో నంబరులో ఇప్పుడు మర్ఫీ, రైలీ ఉన్నారు. యాక్సెప్ట్ అయితే ప్రూఫ్ (అచ్చుకి ముందు సరిచూడమని పంపే కాపీ) వస్తుంది, చాలా జర్నళ్ళు దానికి 48 గంటలే టైమిస్తాయి, పక్కన ఆథర్ క్వెరీలని చిన్న చిన్న ప్రశ్నలుంటాయి, ఫలానా రిఫరెన్స్‌కి పేజీలు లేవు, ఫలానా ఆథర్ ఇంటిపేరు ఏదో నిర్ధారించండి అని. ఆ ఇంటిపేరు ప్రశ్నకి అలాగే అని టిక్ కొట్టి పంపకండి, వాళ్ళు ఏ పదాన్ని ఇంటిపేరుగా పెట్టారో చూసి, తప్పయితే ఏది ఉండాలో పూర్తిగా టైప్ చేసి పంపండి.